సగటును నమ్మి డబ్బు పెట్టొద్దు

“అన్నా, ఇంకో కార్డు వేస్తే స్పీడు డబుల్ అవుతుంది కదా?”

కంప్యూటర్ అంగళ్ళలో కుర్రాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఊరు ఏదైనా మాటలు దాదాపు ఇవే. అడిగేవాడి దగ్గర ఒక గ్రాఫిక్స్ కార్డు ముందే ఉంటుంది. కార్ రేస్ గేమ్ పెడితే మలుపుల దగ్గర తడబడుతుంటుంది. అదే మోడల్ పాత కార్డు బెంగళూరు ఎస్పీ రోడ్డులో చౌకగా దొరుకుతోందని ఎవరో చెప్పి ఉంటారు. రైలెక్కితే బెంగళూరు ఎంతసేపు? పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు. చేతిలో డబ్బుంది, మనసులో కోరిక ఉంది. లేనిదల్లా ఒక్కటే. ఆ రెండో కార్డు తన ఆటలో నిజంగా ఎంత పని చేస్తుందన్న కొలత.

ఆ కొలత ఎలా తీసుకోవాలో ఈ అధ్యాయంలో చెబుతాను. వ్యక్తిత్వ వికాస పుస్తకంలో గ్రాఫిక్స్ కార్డుల గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. డబ్బు పెట్టే ముందు, శ్రమ పెట్టే ముందు మన నమ్మకాన్ని మనమే పరీక్షకు నిలబెట్టడం అలవాటు కావాలంటే ఇంతకంటే అనువైన చోటు నాకు తెలియదు. ఇక్కడ కొలిచే పరికరాలు ఉచితం. ఫలితం ఒక సాయంత్రంలో తేలిపోతుంది. తప్పుడు నమ్మకం ఖరీదు రూపాయల్లో కనబడుతుంది. చదువులోనో ఉద్యోగంలోనో మన అంచనా తప్పని తెలియడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటికి దిద్దుకునే వీలు తగ్గిపోతుంది.

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. ఆ ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. 2023 జూలైకి పది లక్షల కార్లు తయారయ్యాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్త కార్లను ఎక్కించుకుని పోయే పొడుగాటి ట్రైలర్లను చూస్తూ పెరిగిన పిల్లలకు కార్ల ఆట మీద మోజు కలగడంలో వింతేముంది? “ఎప్పుడు చూసినా ఆ ఆటేనా” అని ఇంట్లో విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఆడేవాడు ఒక్క క్షణం ఆగి, ఆట ఎందుకు తడబడుతోందని అడిగి, ఒక్కో కారణాన్నీ విడదీసి చూడటం మొదలుపెడితే చాలు. కర్మాగారంలో క్వాలిటీ విభాగంవాళ్ళు రోజూ చేసే ఆలోచన అతనికి ఇంట్లోనే పట్టుబడుతుంది.

రెండో కార్డు అసలు ఏం చేస్తుంది

1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ అనే అమెరికా కంపెనీ తన వూడూ2 కార్డులను రెండేసి కలిపి వాడుకునే వీలు కల్పించింది. తెరమీది బొమ్మలో ఒక వరుసను ఒక కార్డు గీస్తే, దాని కింది వరుసను రెండో కార్డు గీసేది. తర్వాత ఆ కంపెనీ ఆస్తులను ఎన్విడియా కొనేసింది. 2004లో ఎస్‌ఎల్‌ఐ పేరుతో ఎన్విడియా జంట కార్డులను మళ్ళీ మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది ఏటీఐ కంపెనీ (తర్వాత ఏఎండీలో కలిసిపోయింది) క్రాస్‌ఫైర్ తెచ్చింది. ఈ కొత్త కాలంలో ఎక్కువగా నడిచింది వంతులవారీ పని. మొదటి ఫ్రేము, అంటే తెర మీద మొదటి పూర్తి బొమ్మ, ఒక కార్డు, రెండోది ఇంకో కార్డు, మూడోది మళ్ళీ మొదటి కార్డు.

కాగితం మీద చూస్తే రెట్టింపు రావాల్సిందే. రాదు. కార్డు మీద ఉండే మెమరీ కలవదు. 4 జీబీ కార్డులు రెండు వేస్తే 8 జీబీ అవుతుందని చాలామంది నమ్ముతారు. కానీ వంతులవారీ పనిలో రోడ్డు, చెట్లు, కార్ల బొమ్మలన్నీ రెండు కార్డుల్లోనూ విడివిడిగా ఉండాలి. కాబట్టి ఆటకు దక్కేది 4 జీబీయే. మెమరీ చాలక తడబడుతున్న ఆటకు రెండో కార్డు మందు కాదు. ఇంకో చిక్కు, ఈ తరం ఆటలు ఒక ఫ్రేమును గీయడానికి అంతకు ముందు ఫ్రేములోని సమాచారాన్ని వాడుకుంటాయి. అంచులను నునుపు చేయడానికి, వేగంలో మసకబారినట్టు చూపడానికి అది కావాలి. ఆ ముందు ఫ్రేము పక్క కార్డులో ఉంటే దాన్ని అక్కడినుంచి తెప్పించుకోవాలి, అంతవరకూ ఆగాలి. జంట కార్డుల పద్ధతి వెనకబడటానికి ఇదొక పెద్ద కారణం.

అన్నిటికంటే మోసం చేసేది మాత్రం సమయం లెక్క. హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సు కోసం నిలబడ్డారనుకోండి. గంటకు రెండు బస్సులున్నాయన్నారు. అరగంటకొకటి వస్తే ఏ ఇబ్బందీ లేదు. రెండూ ఒకదాని వెనుక ఒకటి వచ్చి వెళ్ళిపోతే? గంటకు రెండు అన్న లెక్క తప్పు కాలేదు, మీరు మాత్రం గంటసేపు నిలబడ్డారు. జంట కార్డుల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒక ఫ్రేము 5 మిల్లీసెకన్లలో, దాని వెనుకది 28 మిల్లీసెకన్లలో వస్తూ పోయిందనుకోండి. సగటు తీస్తే సెకనుకు 60 ఫ్రేములు. తెర మూలన 60 అంకె నిలకడగా కనబడుతుంది. కంటికి మాత్రం 35 ఫ్రేముల ఆటలా ఉంటుంది.

రేస్ గేములో ఇది మరీ బాధిస్తుంది. గంటకు 216 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సరిగ్గా 60 మీటర్లు. సెకనుకు 60 ఫ్రేములు సమంగా వస్తే ఒక్కో ఫ్రేముకు కారు ఒక మీటరు కదులుతుంది. మధ్యలో ఒక్క ఫ్రేముకు 50 మిల్లీసెకన్లు పట్టిందంటే కారు ఒక్కసారిగా మూడు మీటర్లు ముందుకు ఉరుకుతుంది. బ్రేకు వేయాల్సిన చోటు ఆ మూడు మీటర్లలోనే దాటిపోవచ్చు. సగటు ఎంత బాగున్నా ఆ మలుపులో మీరు గోడకు గుద్దుకున్నారు.

ఈ సంగతి ప్రపంచానికి లెక్కల్లో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2011 సెప్టెంబరులో టెక్ రిపోర్ట్ అనే వెబ్ పత్రిక సంపాదకుడు స్కాట్ వాసన్ సెకనుకు ఎన్ని ఫ్రేములన్న లెక్కను పక్కనపెట్టి, ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పట్టిందో కొలవాలని రాశాడు. 2013లో ఎన్విడియా ఎఫ్‌క్యాట్ అనే కొలత పద్ధతిని బయటికిచ్చింది. ప్రతి ఫ్రేము పక్కన ఒక రంగు పట్టీ వేసి, మానిటర్‌కు పోయే సంకేతాన్ని రికార్డు చేసి, ఏ ఫ్రేము తెర మీద నిజంగా ఎంతసేపు ఉందో చూసే పద్ధతి అది. ఏఎండీ జంట కార్డుల్లో కొన్ని ఫ్రేములు తెర మీద నాలుగైదు గీతల మందాన మాత్రమే కనబడి మాయమవుతున్నాయని దానితో బయటపడింది. కంటికి కనబడని ఆ ఫ్రేములు కూడా సగటులో పూర్తి ఫ్రేములుగానే చేరుతున్నాయి. ఆ ఏడాది ఆగస్టులో ఏఎండీ ఫ్రేములను సమంగా పంపే కొత్త డ్రైవర్ విడుదల చేసింది. కంపెనీ సరిదిద్దుకుంది, నిజమే. దిద్దుకునేలా చేసింది మాత్రం సరైన కొలత.

తైపీ వేదిక మీద తెలుగువాడి లెక్క

2016 జూన్ 1న తైపీలో కంప్యూటెక్స్ ప్రదర్శన జరుగుతోంది. ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతిగా వేదిక ఎక్కింది రాజా కోడూరి. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగు, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంటెక్ చేసి, ఎస్3, ఏటీఐ, ఏఎండీ, యాపిల్ కంపెనీల్లో గ్రాఫిక్స్ పనిలోనే ఎదిగిన మనిషి. ఇందాక చెప్పిన స్కాట్ వాసన్ పత్రికను వదిలి చేరింది కూడా ఈయన విభాగంలోనే. ఆరోజు ఆయన 199 డాలర్ల ధరతో ఆర్‌ఎక్స్ 480 కార్డును పరిచయం చేశాడు. అలాంటివి రెండు కలిపి, అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1080తో పక్కపక్కన నడిపి చూపారు. ఆట పేరు యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ. రేస్ గేము కాదు, యుద్ధ వ్యూహాల ఆట. జంట కార్డులకు సెకనుకు 62.5 ఫ్రేములు, ఒంటరి 1080కి 58.7 ఫ్రేములు వచ్చాయి. రెండు చవక కార్డుల మొత్తం ధర 500 డాలర్ల లోపు, 1080 ధర 599 డాలర్ల నుంచి మొదలు.

ఒక తెలుగు ఇంజనీరు ఆ వేదిక మీద నిలబడటం నాకు గర్వంగానే ఉంటుంది. ఆ గర్వం పక్కనపెట్టి ఆ పరీక్షను చదవడమే మనం నేర్చుకోవాల్సింది. చూసినవాళ్ళు వెంటనే ఒక ప్రశ్న వేశారు. రెండు తెరల మీద బొమ్మలు ఒకేలా లేవేంటి? ఒకవైపు నేల మీద మంచు ఎక్కువగా, ఇంకోవైపు తక్కువగా కనబడింది. 1080 డ్రైవరుతో మంచును గీసే భాగం సరిగ్గా నడవలేదని, అందువల్ల ఆ కార్డు కొంత తక్కువ పని చేసిందని ఏఎండీ తర్వాత వివరణ ఇచ్చింది. ఎవరికి లాభించిందన్నది అటుంచండి. రెండు వేగాలను పోల్చే ముందు రెండూ ఒకే పని చేశాయా అని చూడాలి. దీన్ని రాసి గోడకు అంటించుకున్నా తప్పులేదు. ఇంకోటి, అక్కడ చూపింది ఒకే ఆట. జంట కార్డులను వాడుకునేలా ప్రత్యేకంగా రాసుకున్న ఆట. ఆ 62.5 అంకెను చూసి మీ రేస్ గేముకు అంచనా కట్టలేరు.

ఆర్‌ఎక్స్ 480 ఆ నెలాఖరుకు అంగళ్ళలోకి వచ్చింది. స్వతంత్ర పరీక్షకులు కరెంటు వాడకం కొలిచినప్పుడు, మదర్‌బోర్డు స్లాటు నుంచి నిర్ణీత 75 వాట్లను మించి లాగుతోందని తేలింది. వారం పది రోజుల్లో ఏఎండీ కొత్త డ్రైవరుతో దాన్ని సవరించింది. ఒక్క కార్డుకే అలా ఉంటే, ఒకే బోర్డు మీద రెండు వేసుకోబోయేవాడికి ఆ కొలత ఎంత విలువైనదో ఆలోచించండి.

ముందు ఇంట్లో ఉన్నదాన్ని పరీక్షించండి

మీ దగ్గర ఉన్నది గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే ఒక సంగతి చెప్పాలి. చాలావాటిలో గ్రాఫిక్స్ చిప్పులు ఇప్పటికే రెండు ఉన్నాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఉండే చిన్నది, రెండోది విడిగా ఉండే పెద్దది. అవి కలిసి పనిచేయవు. తేలిక పనులు చిన్నది, బరువు పనులు పెద్దది చేసేలా పంచుతారు. ఆ పంపకం ఒక్కోసారి తప్పుతుంది. ఆట చిన్న చిప్పు మీద నడుస్తుంటే, యజమాని కొత్త ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో పోరుపెడుతుంటాడు.

టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండూ కనబడతాయి. ఆట నడుస్తుండగా ఏది పనిచేస్తోందో చూడండి. చిన్నదే కష్టపడుతుంటే విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ అనే చోటికి వెళ్ళి, మీ ఆటను ఎంచుకుని హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. ఛార్జర్ తగిలించే పరీక్షించండి, బ్యాటరీ మీద పెద్ద చిప్పు పూర్తి బలంతో నడవదు. డెస్క్‌టాప్ అయితే వెనక్కి వెళ్ళి మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చి ఉండటం మామూలుగా జరిగే పొరపాటే. ఈ రెండింటిలో ఏది దొరికినా మీ సమస్య ఖర్చు లేకుండా తీరినట్టే.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఆట తడబడుతుంటే అప్పుడు అసలు పరీక్ష.

ఫ్రేము సమయాలు రాసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇంటెల్ వారి ప్రెజెంట్‌మాన్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, ఏదైనా ఒకటి చాలు. ఎఫ్1 వరుస ఆటల్లో బెంచ్‌మార్క్ ఆటలోనే ఉంటుంది. ట్రాక్, వాతావరణం మీరే ఎంచుకోవచ్చు. వర్షం పెట్టండి. ఒంటరిగా ఎండలో తిరిగే ల్యాపు కార్డుకు తేలిక. ఇరవై కార్లు నీళ్ళు చిమ్ముకుంటూ మొదటి మలుపు తిరిగేటప్పుడు ఉంటుంది బరువు. ఆట ఎక్కడ తడబడి మీకు కోపం తెప్పిస్తోందో అక్కడే కొలవాలి, సాఫీగా నడిచే చోట కాదు. బెంచ్‌మార్క్ లేని ఆటలో అదే ట్రాక్, అదే కారు, అదే కెమెరా పెట్టుకోండి. అద్దంలో వెనుక దృశ్యం చూపే కాక్‌పిట్ కెమెరా అయితే ఆట ఆ దృశ్యాన్ని మరోసారి గీయాలి, అందుకని మధ్యలో కెమెరా మార్చారంటే కొలత చెడిపోయినట్టే.

మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మీ అంచనా రాయండి. “సగటు ఇంత వస్తుంది, కింది అంచు (బాగా ఆలస్యంగా వచ్చే ఫ్రేముల వేగం) ఇంత వస్తుంది” అని అంకెల్లో. దాని పక్కనే, ఫలితం ఎంత వస్తే డబ్బు ఖర్చుపెడతారో కూడా రాయండి. ఈ అధ్యాయంలో ఒక్క పని మాత్రమే చేస్తానంటే ఇదే చేయండి. ఫలితం వచ్చాక మన మనసు ఊరుకోదు. కొనాలనుకున్నవాడికి ప్రతి అంకె కొనమనే చెబుతుంది. ముందే రాసిపెట్టిన గీత ఉంటే దాన్ని జరపడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ మొహమాటం మనకు మేలు చేస్తుంది.

ఒక్కో అమరికలో పరీక్షను మూడుసార్లు నడపండి. మొదటిసారి వచ్చింది లెక్కలోకి తీసుకోకండి, ఆట అప్పుడే ఫైళ్ళన్నీ సర్దుకుంటూ ఉంటుంది. ఒకసారికి ఒకే మార్పు చేయండి. డ్రైవర్, బొమ్మ నాణ్యత రెండూ కలిపి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. రెండు వేర్వేరు అమరికల్లోనూ ఫలితం అచ్చం ఒకే అంకె దగ్గర ఆగితే అనుమానించండి. ఆటలోనే పరిమితి ఉండొచ్చు. 2013లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్‌ను తయారుచేసినవాళ్ళే సెకనుకు 30 ఫ్రేములకు కట్టేశారు. ఎన్ని కార్డులు వేసినా అది 30 దాటదు.

గది వేడి కూడా రాయండి. ధర్మవరంలో మే నెల మధ్యాహ్నం తీసిన కొలతను, అదే గదిలో డిసెంబరు రాత్రి తీసిన కొలతతో పోల్చకూడదు. వేడెక్కేకొద్దీ కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 2013 నాటి ఆర్9 290ఎక్స్‌ను 95 డిగ్రీల దాకా వెళ్ళేలానే తయారుచేశారు. అలాంటివి రెండు ఒకే పెట్టెలో ఒకదానిమీద ఒకటి ఉంటే, కింది కార్డు వదిలే వేడి గాలిని పై కార్డు పీల్చుకుంటుంది. ఎత్తులో ఉన్న హిందూపురం ధర్మవరం కంటే చల్లన. అక్కడి స్నేహితుడికి బాగా నడిచింది కనుక నాకూ నడుస్తుందనుకోవద్దు. ఆట మొదలైన రెండు నిమిషాలకు కాకుండా పది నిమిషాలు నడిచి వేడెక్కాక కొలవండి. మీరు ఆడేది రెండు నిమిషాలు కాదు గదా!

అంకెలు వచ్చాక

మూడు అంకెలు చూడండి. సగటు, కింది ఒక శాతం, అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టిన ఫ్రేము. సెకనుకు 60 చొప్పున ఒక నిమిషానికి 3,600 ఫ్రేములు. వాటిలో బాగా ఆలస్యంగా వచ్చిన 36 ఫ్రేములే ఆ కింది ఒక శాతం, అంటే నేను కింది అంచు అంటున్నది. ఆట అనుభవం వాటి చేతిలో ఉంది. సగటు 75 ఉండి కింది అంచు 28కి పడిపోయే అమరిక కంటే, సగటు 58, కింది అంచు 50 ఉన్నది నా దృష్టిలో ఎంతో మేలు. దుకాణంవాడు మొదటిదాన్ని చూపి అమ్ముతాడు. ఆడేవాడు రెండోదానితో గెలుస్తాడు.

గ్రూప్-2కో ఇంకో పోటీ పరీక్షకో చదువుతున్నవాళ్ళు ఈ అలవాటును మాక్ టెస్టుల దగ్గర కూడా పెట్టుకోవచ్చు. సగటు మార్కులు పెరుగుతున్నాయని సంతోషించి ఊరుకోకుండా, ఏ సబ్జెక్టులో ఏ రోజు అడుగుకు పడిపోయారో విడిగా రాసుకోండి. తప్పు జవాబుకు మార్కులు కోసే పరీక్షల్లో ఆ అడుగు రోజులే ర్యాంకును కిందికి లాగుతాయి.

ఇప్పుడు రెండో కార్డు కొనకుండానే, అది పనికొస్తుందో లేదో తెలిపే పరీక్ష ఒకటి చెబుతాను. ఆటను 1080పీ రిజల్యూషన్‌లో కొలవండి. తర్వాత మిగతావేవీ మార్చకుండా 720పీకి దించి మళ్ళీ కొలవండి. గీయాల్సిన చుక్కలు సగానికంటే తగ్గాయి కాబట్టి గ్రాఫిక్స్ కార్డు మీద బరువు బాగా తగ్గింది. ఫ్రేములు బాగా పెరిగాయంటే అడ్డుపడుతోంది కార్డే. ఏమాత్రం పెరగలేదంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. అప్పుడు రెండో కార్డు వేస్తే ఎదురుచూసేవాళ్ళు ఇద్దరవుతారు. అదే సమయంలో కార్డు వాడకం శాతం చూడండి. 95 పైన ఉంటే కార్డు నిండా పనిలో ఉంది. 60 దగ్గర ఊగుతుంటే లోపం వేరేచోట ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఒకే 8 జీబీ ర్యామ్ ముక్క ఉంటుంది. జతగా ఇంకొకటి వేస్తే కింది అంచు లేవడం తరచుగా చూస్తాం. ప్రాసెసర్‌లోని చిన్న చిప్పు మీద ఆడేవాళ్ళకైతే తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ చిప్పు వాడుకునేది ర్యామ్‌నే.

ఇప్పటికే రెండు కార్డులున్నవాళ్ళు ఒక్కదానితో, తర్వాత రెండింటితో కొలిచి చూడండి. సగటు పెరిగి కింది అంచు పెరగకపోతే రెండోదాన్ని ఆపేసి ఆడటమే మంచిది. అంకెల మీద నమ్మకం కుదరకపోతే స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకోండి. మీరు చూడకుండా అతను అమరిక మారుస్తాడు, మీరు ఆడి ఏది ఏదో చెప్పాలి. అలా చాలాసార్లు చేసినా సరిగ్గా గుర్తుపట్టలేకపోతే ఆ తేడాకు డబ్బు పెట్టనక్కర్లేదు.

కొనాలా, వద్దా

నా అభిప్రాయం దాచుకోను. రేస్ గేమ్ ఆడటానికి ఈ రోజు రెండు పాత కార్డులు జత చేయడం నేను ఎవరికీ సిఫార్సు చేయను. పాతదాన్ని అమ్మి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఒకే గట్టి కార్డు కొనుక్కోండి. 2021 జనవరి 1 నుంచి ఎన్విడియా పాత కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్ళు ఇవ్వడం ఆపేసింది. ఇళ్ళలో వాడే కార్డుల్లో జత కట్టే ఏర్పాటు ఉన్న చివరివి ఆర్‌టీఎక్స్ 3090, 3090 టీఐ. ఆ తర్వాతి 40 వరుసలో అదీ లేదు. ఏఎండీ కూడా 2019 నాటి ఆర్‌ఎక్స్ 5700తోనే పాత క్రాస్‌ఫైర్‌ను వదిలేసింది. ఆట తయారుచేసినవాళ్ళే శ్రమపడి రాస్తే తప్ప రెండో కార్డుకు ఇక పని దొరకదు.

లాస్‌లెస్ స్కేలింగ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక మళ్ళీ ఒక ఆశ పుట్టింది. పెద్ద కార్డు ఆటను నడుపుతుంటే, పక్కనున్న పాత కార్డు నిజమైన ఫ్రేముల మధ్య ఊహించిన ఫ్రేములను చేరుస్తుంది. కదలిక నునుపుగా కనబడుతుంది, అది నిజమే. కానీ మీరు స్టీరింగ్ తిప్పిన సంగతి ఊహించిన ఫ్రేములకు తెలియదు. అంకె 120కి చేరినా మీ చేతికి ఆట స్పందించేది అడుగున ఉన్న 60 ఫ్రేముల వేగంతోనే, ఇంకాస్త ఆలస్యంగా కూడా. ఇంట్లో పాత కార్డు ఖాళీగా పడి ఉంటే ప్రయత్నించండి. దీనికోసం కొనకండి.

కరెంటు లెక్క వేయకుండా రెండో కార్డు మాట ఎత్తొద్దు. ఆర్‌ఎక్స్ 480 ఒక్కదానికి కంపెనీ చెప్పిన లెక్కే 150 వాట్లు. రెండయితే 300, దానిమీద ప్రాసెసర్, మిగతావి. మన ఇళ్ళలో వాడే చిన్న 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లకు మించి మోయలేవు. రేసు మధ్యలో కరెంటు పోయినప్పుడు యూపీఎస్ చేతులెత్తేస్తే పోయేది ఆట ఒక్కటే కాకపోవచ్చు.

పాత కార్డు కొనడానికి ఎస్పీ రోడ్డుకు వెళ్తుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. 2022 సెప్టెంబరులో ఎథీరియమ్ అనే క్రిప్టోకరెన్సీ పద్ధతి మారి, కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది. రాత్రింబవళ్ళు నడిచిన కార్డులెన్నో పాత సామాను మార్కెట్లోకి వచ్చాయి. అలాంటిదైనంత మాత్రాన చెడ్డదని కాదు, పరీక్షించకుండా తీసుకోకూడదు. పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్, ఏదైనా ఉచిత బరువు పరీక్ష వేసుకుని వెళ్ళండి. కార్డు మోడల్, మెమరీ పెట్టె మీద రాసినట్టే ఉన్నాయో లేదో మొదటిది చెబుతుంది. రెండోదాన్ని అంగట్లోనే పావుగంట నడిపించి, వేడి ఎక్కడ ఆగుతోందో, ఫ్యాను చప్పుడు ఎలా ఉందో, తెరమీద చుక్కలు, గీతలు వస్తున్నాయో చూడండి. ఇంట్లో మీరు రాసుకున్న కాగితం వెంట ఉంచుకోండి. బేరం వేడిలో మీరు గీసుకున్న గీత ఎక్కడుందో మర్చిపోవడం సులభం. పావుగంట నడిపి చూపించనన్న అంగట్లో ధర ఎంత తక్కువైనా కొనకండి. చూపించే అంగళ్ళు ఆ వీధిలోనే ఉన్నాయి.